ముసోర్గ్‌స్కీ 'పెళ్ళి' రికార్డింగు విన్నాను, ఇందులో పాట ఎక్కడుంది?

పెన్నాతీరం | శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రష్యన్ స్వరకర్త ముసోర్గ్‌స్కీ రాసిన 'పెళ్ళి' ఒపేరా (సంగీత నాటకం) మొత్తం విన్నాను. రష్యన్‌లో 'జెనీత్బ' అంటారు. కండక్టర్ గెన్నాదీ రొజ్‌దేస్త్‌వెన్‌స్కీ 1982లో చేసిన రికార్డింగు. ముసోర్గ్‌స్కీ రాసింది మొదటి అంకం ఒక్కటే కాబట్టి గంట కూడా పట్టలేదు.

ముసోర్గ్‌స్కీ ఇంకో ఒపేరా 'బోరిస్ గొదునోవ్' నాకు ప్రాణం. అందులో జనం అంతా కలిసి పాడే చోట ఒళ్ళు జలదరిస్తుంది. అదే మనిషి రాసిన హాస్య ఒపేరా అనేసరికి ఎంతో ఆశగా మొదలుపెట్టాను. తీరా చూస్తే నలుగురు మనుషులు మాట్లాడుకుంటూనే ఉన్నారు. పల్లవి లేదు, బృందగానం లేదు, ఇద్దరు కలిసి పాడే యుగళం కూడా లేదు. ఒకరు అడుగుతారు, ఇంకొకరు జవాబు చెబుతారు. చివరికి ఏదో పెద్ద గొడవ మొదలవుతుందనుకునే వేళకి ఆగిపోయింది. నేను విన్న యాప్‌లో మాటల పాఠం కూడా ఇవ్వలేదు. రష్యన్ రాదు.

కానీ ఒక విషయం వదలడం లేదు. ఆ గొంతులు పొద్దున్న లేచాక కూడా చెవిలో తిరుగుతున్నాయి. పాట గుర్తుండిపోవడం వేరు. ఇది ఎవరో పక్కింట్లో మాట్లాడుకున్నది గుర్తున్నట్టుంది. తెలిసినవాళ్ళు ఉంటే చెప్పండి, దీన్ని ఎలా వినాలి?

నేవాఒడ్డు | శనివారం, రాత్రి 11:55

పెన్నాతీరం గారూ, మీరు ఈ పేరెత్తగానే నిద్ర మానేసి రాస్తున్నాను. నేను పీటర్స్‌బర్గ్‌లో ఆరేళ్ళు ఎంబీబీఎస్ చదివాను. రష్యన్ నేర్చుకున్నది అనాటమీ క్లాసులో కంటే ట్రామ్‌లోనూ, కూరగాయల బజారులోనూ ఎక్కువ. అందుకే ఈ ఒపేరా నాకు మొదటిసారే అందింది. మాటలు తెలియకుండా వింటే అందులో సగం పైగా పోతుంది. కాబట్టి మొదటి అయిదు నిమిషాలు ఇక్కడ తెలుగులో చెబుతాను.

పొద్‌కొల్యోసిన్ అనే సర్కారు ఉద్యోగి ఉన్నాడు. హోదా 'కోర్టు కౌన్సిలర్', సైన్యంలో అయితే కల్నల్‌కి సమానం అని తనకు తానే చెప్పుకుని మురిసిపోతాడు. పెళ్ళి కానివాడు. సోఫా మీద పడుకుని పైపు కాలుస్తూ అనుకుంటాడు: ఇలా ఒంటరిగా ఆలోచిస్తూ కూచుంటే నిజంగా పెళ్ళి చేసుకోవాల్సిందే అనిపిస్తుంది, బతుకుతూ బతుకుతూ చివరికి అంతా చేదైపోతుంది, మళ్ళీ 'మ్యసయేద్' చెయ్యి జారిపోయింది.

ఈ 'మ్యసయేద్' మనకి ఎవరూ వివరించక్కర్లేదు. వాళ్ళ చర్చిలో ఉపవాస దినాల్లో పెళ్ళిళ్ళు చెయ్యరు. ఉపవాసాల మధ్య మాంసం తినడానికి అనుమతి ఉన్న రోజుల్లోనే ముహూర్తాలు. అంటే మూఢం వచ్చేసింది, ఈ ఏడాదికి ఇక లేనట్టే అని మన ఇళ్ళలో నిట్టూర్చినట్టే అతనూ నిట్టూరుస్తున్నాడు.

తర్వాత నౌకరు స్టెపాన్‌ని పిలుస్తాడు. ఆ సంభాషణ ఇదీ:

సంబంధాలావిడ రాలేదా? — లేదండి.
దర్జీ దగ్గరికి వెళ్ళావా? — వెళ్ళానండి.
కోటు కుడుతున్నాడా? — కుడుతున్నాడండి.
ఎంతవరకు వచ్చింది? — చాలావరకు అయిందండి. కాజాలు మొదలుపెట్టాడు.
ఏమిటీ? — కాజాలు మొదలుపెట్టాడంటున్నానండి.
మీ అయ్యగారికి కోటు దేనికిరా అని అడగలేదా? — అడగలేదండి.
పెళ్ళి గాని చేసుకుంటున్నారేమో అనలేదా? — ఏమీ అనలేదండి.

అతనికి కావలసింది కోటు కాదు. ఊళ్ళో ఎవరో ఒకరు తన పెళ్ళి గురించి మాట్లాడుకోవాలి, అంతే. దర్జీ అడగలేదు. తర్వాత బూటు పాలిష్ వస్తుంది. వజ్‌నెసెన్‌స్కీ ప్రాస్పెక్ట్‌లో నేను చెప్పిన కొట్టులోనే కొన్నావా, మంచిదేనా, కొట్టువాడు ఏమైనా అడిగాడా. ఆ వీధి ఇప్పటికీ ఉంది. నేను శీతాకాలంలో ఆ వీధిన నడిచి వెళ్తూ ఈ మాటలు పైకి అనుకున్న రోజులున్నాయి.

ఇప్పుడు మళ్ళీ వినండి. అయ్యగారి ప్రశ్న ప్రతిసారీ ఆశగా పైకి లేస్తుంది. స్టెపాన్ జవాబు ఒక్క మాటలో పొడిగా పడిపోతుంది. 'బీల్' అంటాడు, వెళ్ళాను అని. 'ష్యోత్' అంటాడు, కుడుతున్నాడు అని. ఆ లేవడం, పడిపోవడమే ఇందులో సంగీతం.

హార్మోనియంమాస్టారు | ఆదివారం, ఉదయం 6:15

అమ్మా, చాలా చక్కగా చెప్పారు. కానీ నా మనసులో మాట కూడా చెప్పాలి. నేను నలభై ఏళ్ళు పద్యనాటకాలకి హార్మోనియం వాయించినవాణ్ణి. మా దగ్గర వచనం వచనమే, పద్యం పద్యమే. నటుడు వచనం చెబుతుంటే నేను శ్రుతి మాత్రం పట్టుకుని ఉంటాను. పద్యం ఎత్తుకున్నాడంటే అక్కడి నుంచి రాగం మొదలు. చివర్లో ఆలాపన సాగదీస్తే జనం 'ఒన్స్ మోర్' అంటారు, ఆయన మళ్ళీ అందుకుంటాడు. ప్రేక్షకుడికి ఆ సుఖం ఇవ్వకపోతే సంగీత నాటకం ఎందుకు?

మీరిచ్చిన దారిలోనే పొద్దున్న అయిదింటికి విన్నాను. కాజాలు, బూటు పాలిష్ బాగున్నాయి. నాటకంగా వేస్తే కడుపుబ్బ నవ్వుతాం. ఆ మాటల్నే స్వరంలో పెట్టడం వల్ల ఏం కలిసొచ్చింది అన్నది నాకు ఇంకా తెలియలేదు. తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

రికార్డులపెట్టె | ఆదివారం, ఉదయం 9:30

మాస్టారూ, మీ ప్రశ్న 1868లోనే పీటర్స్‌బర్గ్‌లో లేచింది. అడిగినవాళ్ళు ముసోర్గ్‌స్కీకి ప్రాణస్నేహితులు.

అప్పటికి ఆయన వయసు 29. పెద్దాయన, స్వరకర్త దార్గొమీజ్‌స్కీ 'రాతి అతిథి' అనే ఒపేరా రాస్తున్నారు. పూష్కిన్ రాసిన కావ్య నాటకాన్ని దాదాపు ఒక్క మాట మార్చకుండా స్వరపరచడం ఆయన పద్ధతి. అది చూసి ముసోర్గ్‌స్కీ ఇంకో అడుగు ముందుకు వేశాడు. పద్యం కూడా వద్దు, వట్టి వచనం తీసుకుందాం, అదీ నాటకకర్త గోగోల్ వచనం, అనుకున్నాడు. గోగోల్ 'పెళ్ళి' నాటకం 1842లో వచ్చింది. 'రెండు అంకాల్లో ఏమాత్రం నమ్మశక్యం కాని సంఘటన' అని దానికి ఉపశీర్షిక. ముసోర్గ్‌స్కీ తన రాతప్రతి మీద పెట్టుకున్న మాట 'వచనంలో నాటక సంగీత ప్రయోగం'. అంటే ఇది ప్రయోగమని ఆయనే ఒప్పుకున్నాడు.

జూన్‌లో నగరంలో మొదలుపెట్టి, తూలా ప్రాంతంలోని షిలొవో అనే పల్లెలో జూలైలో మొదటి అంకం ముగించాడు. సుమారు నాలుగు వారాల పని. పల్లెలో పియానో అందుబాటులో లేదు. ఈ విషయం నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది. మీట మీద వేలు పెట్టి వెతుక్కున్న రాగాలు కావివి. మనిషి మాట్లాడుతుంటే చెవిన పడ్డ ఎత్తుపల్లాలు.

ఆ శరదృతువులో మిత్రులు ఇంట్లోనే పాడుకున్నారు. పొద్‌కొల్యోసిన్‌గా స్వయంగా ముసోర్గ్‌స్కీ. స్నేహితుడు కొచ్‌కర్యోవ్‌గా దార్గొమీజ్‌స్కీ. సంబంధాలు చూసే ఫ్యోక్లాగా అలెక్సాంద్రా పూర్గోల్ద్. పియానో దగ్గర ఆమె చెల్లెలు నదేజ్దా, తర్వాత స్వరకర్త రిమ్‌స్కీ-కోర్సకోవ్ భార్య అయినావిడ. దార్గొమీజ్‌స్కీ నవ్వు ఆపుకోలేకపోయాడట. అప్పటికే ఆయన ఆరోగ్యం పాడైంది, 1869 జనవరిలో చనిపోయాడు. అలాంటి మనిషి చివరి నెలల్లో అంతగా నవ్వాడని చదివినప్పుడు నాకు గొంతు పట్టుకుంది.

మిగతావాళ్ళు మాత్రం మీలాగే అన్నారు మాస్టారూ. కొత్తగా ఉంది, అక్కడక్కడ నవ్వొస్తుంది, మొత్తంగా చూస్తే విఫలం అని ఇంకో స్వరకర్త బొరోదిన్ తన భార్యకి ఉత్తరం రాశాడు. మాటను పట్టుకున్న తీరుకి రిమ్‌స్కీ-కోర్సకోవ్ ఆశ్చర్యపోయాడు, కొన్ని స్వరాల కూర్పులు మాత్రం ఆయనకి మింగుడుపడలేదు.

ముగ్గులవాకిలి | ఆదివారం, మధ్యాహ్నం 2:05

సంగీతం గురించి నాకు పెద్దగా తెలియదు. నేవాఒడ్డు గారి పోస్టు చదివి, గోగోల్ నాటకం ఇంగ్లీషు అనువాదం తీసి చదువుతూ విన్నాను. ఫ్యోక్లా ఇవానొవ్నా వచ్చిన దగ్గర ఆగిపోయాను.

మా పెద్దత్తయ్య సంబంధాలు చూసేది. డబ్బు కోసం కాదు, ఆవిడకి అదొక వ్యసనం. చేతిసంచిలో ఎప్పుడూ నాలుగైదు ఫొటోలు, జాతకాల కాగితాలు ఉండేవి. పిల్ల ఎలా ఉంటుందని అడిగితే ముందు మేడ గురించి చెప్పేది. ఫ్యోక్లా కూడా అంతే. కట్నం ఏమిటని అడగడమే ఆలస్యం, లెక్క విప్పుతుంది. మస్కోవ్‌స్కయా పేటలో రెండంతస్తుల రాతి ఇల్లు. కింద కొట్టుకి పిండివ్యాపారి ఏడొందలు అద్దె కడతాడు. బీరు దుకాణానికి జనం బాగా వస్తారు. రెండు చిన్న చెక్క ఇళ్ళున్నాయి, ఒకటి మొత్తం చెక్కే, ఇంకొకటి రాతి పునాది మీద కట్టినది. ఒక్కోదాని మీద నాలుగొందలు వస్తుంది. వీబొర్గ్ వైపు కూరగాయల తోట ఉంది, రెండేళ్ళ కింద ఒక షావుకారు క్యాబేజీ వెయ్యడానికి కౌలుకి తీసుకున్నాడు. ఆ షావుకారు మందు ముట్టడు, ముగ్గురు కొడుకులు.

ఆ షావుకారికీ ఈ పెళ్ళికీ ఏం సంబంధం? ఏమీ లేదు. మా అత్తయ్య కూడా ఇలాగే కౌలుదారు కొడుకు ఎంసెట్ ర్యాంకు దాకా వెళ్ళేది. మాట ఆపితే అవతలివాడు 'వద్దు' అనేస్తాడని భయం. అందుకే ఊపిరి తీసుకోకుండా చెప్పాలి. ఫ్యోక్లా పాడుతుంటే నాకు వినిపించింది ఆ భయమే.

ఇంకొక మాట. నడుమ ఆవిడ అతని తలలో తెల్లవెంట్రుక ఉందంటుంది. అతను అద్దం కోసం పరుగు. మశూచి కంటే ఇదే ఘోరం అంటాడు. ఎందరు పెళ్ళికొడుకుల్ని చూశానో అలా, పోలియెస్టర్ చొక్కా మడత చెదరకుండా కూచుని అద్దం ఎటుందా అని చూసేవాళ్ళని.

నేవాఒడ్డు | ఆదివారం, మధ్యాహ్నం 3:20

ముగ్గులవాకిలి గారూ, మీ అత్తయ్యగారి గురించి చదివి కళ్ళు చెమర్చాయి. ఒక చిన్న సంగతి కలుపుతాను, అనువాదంలో ఇది కనపడదు. ఫ్యోక్లా చదువుకోలేదు. అంతస్తుని రష్యన్‌లో 'ఎతాజ్' అంటారు, ఆవిడ 'యెల్తాజ్' అంటుంది. పక్క ఇంటికి 'ఫ్లీగెల్' అని జర్మన్ నుంచి వచ్చిన మాట ఉంది, ఆవిడ నోట అది 'ఖ్లీగెర్' అవుతుంది. మన పెద్దవాళ్ళు స్టేషన్‌ని టేసను అన్నట్టు. గొప్పింటి సంబంధం అని చెప్పడానికి గొప్ప మాటలు వాడబోతే నాలుక తిరగలేదు. గోగోల్ ఆవిణ్ణి వెక్కిరించాడని నాకు అనిపించదు. ఆవిడ బతుకుతెరువు ఆ మాటల మీదే ఉంది మరి.

కొత్తచెవి | ఆదివారం, రాత్రి 8:45

నేను పియానో నేర్చుకుంటున్న విద్యార్థిని. అందరి పోస్టులూ చదివి రెండుసార్లు విన్నాను. రికార్డింగు గురించి నా అభ్యంతరం ఒకటుంది.

ముసోర్గ్‌స్కీ వదిలివెళ్ళింది గొంతులకీ పియానోకీ రాసిన ప్రతి మాత్రమే కదా. ఆర్కెస్ట్రా ఆయన రాయలేదు. ఇందులో వినపడే వాద్యకూర్పు రొజ్‌దేస్త్‌వెన్‌స్కీది. చాలా రంగులున్నాయి, కాదనను. కానీ పొద్‌కొల్యోసిన్ ఒక ఆలోచన పూర్తి చెయ్యకముందే వాద్యాలు నవ్వేస్తున్నాయి. మనం నవ్వాల్సిన చోట అవే ముందు నవ్వితే మనకేం మిగులుతుంది? పియానో అయితే సోఫా పక్కన కూచున్న మనిషిలా వింటూ ఉంటుంది. మొదట్లో అతని బద్ధకాన్ని చూపే ఆ బరువైన చిన్న స్వరమాల, మళ్ళీ మళ్ళీ వచ్చేది, దాన్ని నేను స్కోరు (అచ్చయిన స్వరలిపి) చూసి నా కీబోర్డు మీద వాయించాను. మెల్లగా, పెడల్ లేకుండా. దానికి ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

రికార్డులపెట్టె | ఆదివారం, రాత్రి 10:10

కొత్తచెవి గారూ, మీ మాటలో నిజముంది. అయినా నేను కండక్టర్ వైపే నిలబడతాను.

ముందు ఆ ప్రతి ఎంత కష్టపడి మన దాకా వచ్చిందో చూడండి. ముసోర్గ్‌స్కీ దాన్ని 1873లో తన స్నేహితుడు, విమర్శకుడు స్తాసోవ్‌కి పుట్టినరోజు కానుకగా ఇచ్చేశాడు. స్తాసోవ్ దాన్ని పీటర్స్‌బర్గ్ పబ్లిక్ లైబ్రరీకి చేర్చాడు. ముసోర్గ్‌స్కీ 1881లో పోయాడు. రిమ్‌స్కీ-కోర్సకోవ్ సరిచూసి అచ్చు వేయించింది 1908లో. అంటే రాసిన నలభై ఏళ్ళకి. ఆ తర్వాతే జనం ముందు పాడారు, అదీ పియానోతోనే. 1868లో ఒక గదిలో పదిమంది విన్నదాన్ని రెండు తరాలు వినలేకపోయాయి.

ఇక పూర్తి చెయ్యాలన్న తపన. ఇప్పలీతొవ్-ఇవానొవ్ 1931లో మిగతా అంకాలు రాసి పూర్తి చేశాడు. అలెగ్జాండర్ చెరెప్నిన్ 1930లలో తన పద్ధతిలో పూర్తి చేశాడు. మార్తినూ అయితే ముసోర్గ్‌స్కీని ముట్టుకోకుండా, అదే గోగోల్ నాటకం మీద అమెరికా టెలివిజన్ కోసం 1950లలో సొంత ఒపేరా రాశాడు. రొజ్‌దేస్త్‌వెన్‌స్కీ మాత్రం ముసోర్గ్‌స్కీ ఆపిన చోటే ఆపాడు. వాద్యాలు కలిపాడు, ఒక్క సన్నివేశం కూడా కలపలేదు. ఈ మర్యాద నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

ఆయనకి ఇలాంటివంటే ప్రత్యేకమైన ప్రేమ. షొస్తకోవిచ్ యుద్ధకాలంలో గోగోల్ 'జూదగాళ్ళు' నాటకాన్ని ఇలాగే మాట మార్చకుండా ఒపేరాగా రాయడం మొదలుపెట్టి, ఇలా సాగితే గంటలకి గంటలు పడుతుందని గ్రహించి 1942లో వదిలేశాడు. ఆ ముక్కని 1978లో లెనిన్‌గ్రాడ్‌లో మొదటిసారి వినిపించింది రొజ్‌దేస్త్‌వెన్‌స్కీయే. ముసోర్గ్‌స్కీ ఆగిన చోటే డెబ్భై ఏళ్ళ తర్వాత షొస్తకోవిచ్ కూడా ఆగాడు. గోగోల్ మాట ఒక్కటి కూడా పారేయడానికి మనసొప్పదు, అన్నీ ఉంచుకుంటే ఒపేరా ముగియదు.

హార్మోనియంమాస్టారు | సోమవారం, ఉదయం 5:50

అయ్యా, చరిత్ర తెలిసింది, సంతోషం. కానీ ఆయన ఎందుకు ఆపేశాడు? స్నేహితులు బాగాలేదన్నారనా?

రికార్డులపెట్టె | సోమవారం, ఉదయం 8:20

అదొక్కటే కారణం అనుకోను. ఆ శరదృతువులోనే 'బోరిస్ గొదునోవ్' మొదలుపెట్టాడు. ఆ వేసవిలో రాసిన ఉత్తరాల్లో ఒక మాట ఉంది. తనను తాను ఒక పంజరంలో పెట్టుకున్నాననీ, మచ్చికయ్యేదాకా అందులో ఉంటాననీ, తర్వాత బయటికి వెళ్తాననీ అంటాడు. ఆ పంజరం 'పెళ్ళి'. బోరిస్‌లో సత్రం సన్నివేశం గుర్తు తెచ్చుకోండి. తాగుబోతు సన్యాసి, సత్రం నడిపే ఆవిడ, పోలీసులు, ఒక్కొక్కరి మాటతీరు ఒక్కోలా ఉంటుంది. ఆ పట్టు ఈ నాలుగు వారాల్లో దొరికిందే. పెన్నాతీరం గారికి ఒళ్ళు జలదరించే ఆ జనం కూడా ఈ సోఫా పక్క నుంచే నడిచి వచ్చారు.

ఫ్రాన్సులో రవేల్ తన 'స్పానిష్ గంట' ఒపేరాకి దీన్నే పూర్వరూపంగా చెప్పుకున్నాడు. ప్రయోగం వృథా పోలేదు.

హార్మోనియంమాస్టారు | సోమవారం, ఉదయం 9:05

సాధన అన్నమాట. అలా అంటే నాకు అర్థమవుతుంది. సరళీ వరసలు కచేరీలో పాడం, కానీ అవి లేకుండా కచేరీ లేదు. అయితే సరళీ వరసల్ని రికార్డు వేసి వినమంటే మాత్రం ఎందుకు వినాలి?

నేవాఒడ్డు | సోమవారం, రాత్రి 9:40

మాస్టారూ, దీనికి నేను జవాబు చెబుతాను. సాధన అనే మాటతో నేను ఏకీభవించను. చివరి సన్నివేశంలో ఒక చోటు చూపిస్తాను, మీరే చెప్పండి.

కొచ్‌కర్యోవ్ వస్తాడు. అతని పెళ్ళి చేసింది కూడా ఫ్యోక్లాయే. రాగానే ఆవిణ్ణి నిలదీస్తాడు, నాకెందుకు పెళ్ళి చేశావు అని. తప్పేముంది, ధర్మం నెరవేర్చావు అంటుంది ఆవిడ. ఇంత కోపం ఉన్నవాడు అయిదు నిమిషాల్లో ఏం చేస్తాడు? అమ్మాయి వివరాలు కూపీ లాగి, ఆవిణ్ణి పంపించేసి, ఈ పెళ్ళి నేను చేయిస్తానని తనే నడుం కడతాడు. తనకి సుఖం లేదు, స్నేహితుణ్ణి మాత్రం అందులోకి తొయ్యాలి. ఎందుకో గోగోల్ చెప్పడు.

ఇక ఒప్పించడం మొదలు. నీ గది చూసుకో, ఆ పక్కన శుభ్రం చెయ్యని బూటు, ఈ పక్కన పొగాకు కుప్ప. పెళ్ళయితే సోఫా ఉంటుంది, కుక్కపిల్ల ఉంటుంది, పంజరంలో చిన్న పిట్ట, కుట్టుపని. నువ్వు సోఫాలో కూచుంటావు, అందమైన పిల్ల వచ్చి పక్కన కూచుని తన చిట్టి చేత్తో నిన్ను...

ఇక్కడ పొద్‌కొల్యోసిన్ అంటాడు: అబ్బా, నిజమే, ఎలాంటి చేతులుంటాయో కదా, పాలలాగా ఉంటాయి తమ్ముడూ.

రష్యన్‌లో చెయ్యి 'రుకా', చిట్టి చేతులు 'రూచ్కి'. ఇంతసేపూ ఇతని గొంతు పాలిష్ గురించీ హోదా గురించీ ఒకే బరువుతో మాట్లాడింది. 'రూచ్కి' దగ్గర మెత్తబడుతుంది. ఒక్క క్షణమే. ఇన్నేళ్ళుగా ఇతన్ని ఎవరూ చేత్తో తాకలేదని నాకు అక్కడ తెలుస్తుంది. నాటకం చదివినప్పుడు ఆ వాక్యం దగ్గర నేను నవ్వాను. ఇందులో విన్నప్పుడు నవ్వలేకపోయాను. స్వరం వల్ల ఏం కలిసొచ్చిందని అడిగారు కదా మాస్టారూ, నాకు కలిసొచ్చింది ఇది.

ఇంకొకటి. నాటకంలో తర్వాత పెళ్ళికూతురు అగాఫ్యా తీఖొనొవ్నా వస్తుంది, మిగతా వరులు వస్తారు, ఒకరి పెదవులకి ఇంకొకరి ముక్కు అతికిస్తే ఎంత బాగుండునో అని ఆ పిల్ల అనుకునే గొప్ప ఘట్టం ఉంది. చివరికి పొద్‌కొల్యోసిన్ పెళ్ళి వేళకి కిటికీలోంచి దూకి పారిపోతాడు. ముసోర్గ్‌స్కీ దగ్గర ఇదేమీ లేదు. పెళ్ళికూతురు ముఖమే మనం చూడం. అతను ఇంకా ఆ పిల్ల ఇంటికి చేరనే లేదు. అతని ఊహలో చేతులు మాత్రమే ఉన్నాయి.

ముగ్గులవాకిలి | సోమవారం, రాత్రి 10:30

కిటికీలోంచి దూకడం చదివి నాకు నవ్వు రాలేదండీ. మా చిన్నాన్న కూతురికి అచ్చం అలాగే జరిగింది. లగ్నపత్రిక రాసుకున్నాక అబ్బాయి ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ పిల్ల పట్టుచీరకి బ్లౌజు కుట్టడానికి ఇచ్చి ఉంది. దర్జీ మూడుసార్లు ఫోన్ చేశాడు, తీసుకెళ్ళమని. ఎవరూ వెళ్ళలేకపోయారు. చివరికి నేనే వెళ్ళి డబ్బులిచ్చి తెచ్చి నా బీరువాలో పెట్టాను. కాజాలు కూడా అయిపోయి ఉన్నాయి. అందుకే ముసోర్గ్‌స్కీ ముందే ఆపేసినందుకు నాకు కొంచెం ఊరటగానే ఉంది. ఆ పిల్ల ఇంకా అవమానపడలేదు.

కొత్తచెవి | మంగళవారం, సాయంత్రం 6:00

ముగ్గులవాకిలి గారూ, మీ పోస్టు చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

నేవాఒడ్డు గారు చెప్పిన 'రూచ్కి' చోటు స్కోరులో వెతికి, గొంతు లేకుండా పియానో భాగం వాయించి చూశాను. తర్వాత రికార్డింగులో విన్నాను. ఆర్కెస్ట్రా మీద నా అభ్యంతరం పూర్తిగా పోలేదు. ఆ ఒక్క చోట మాత్రం కండక్టర్ ఆ మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగాడు. అది ఒప్పుకోవాలి.

పెన్నాతీరం | బుధవారం, రాత్రి 11:15

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఈ రోజు నేవాఒడ్డు గారి తెలుగు మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకుని, కాగితం చూస్తూ విన్నాను. మొదటిసారి అంతా ఒకే మాటల ప్రవాహంలా వినపడింది. ఈసారి నాలుగు గొంతులూ విడివిడిగా తెలిశాయి. స్టెపాన్ ఒకటి రెండు మాటలతో సరిపెడతాడు. ఫ్యోక్లా ఆగదు. కొచ్‌కర్యోవ్ ఎదుటివాడి మాట మధ్యలో దూరిపోతాడు. పొద్‌కొల్యోసిన్ మాట మొదలుపెట్టి దారి తప్పుతాడు.

ఈసారి పెళ్ళి అనే కథ కంటే వాయిదా వెయ్యడం ఎక్కువ వినపడింది. మా నాన్నగారు ఊళ్ళో స్థలంలో ఇల్లు కడతానని పాతికేళ్ళు అన్నారు. మేస్త్రీ వచ్చాడా, సిమెంటు రేటు ఎంత, ఇసుక ఎక్కడిది మంచిది, ఇవే మాటలు రోజూ. కట్టలేదు. ఆ మాటలు మాట్లాడేటప్పుడు ఆయన గొంతులో ఉన్న సంతోషం నాకు ఇప్పటికీ గుర్తు. పాలిష్ మంచిదేనా అని అతను స్టెపాన్‌ని అడిగినప్పుడు అదే గొంతు వినిపించింది. రికార్డింగు అక్కడ ఆపి కాసేపు వరండాలో కూచున్నాను.

హార్మోనియంమాస్టారు | గురువారం, ఉదయం 6:30

బాబూ, మీ నాన్నగారి మాట చదివి పెట్టె తెరిచాను. నేవాఒడ్డు గారి మాటల్ని అలాగే తెలుగులో పెట్టి చూద్దామనిపించింది. రాగం ఏదీ అనుకోలేదు. ముందు మా మనవడి చేత రెండు మాటలు చెప్పించాను, వాడికి సంగతి తెలియదు. 'దర్జీ దగ్గరికి వెళ్ళావా?' అని నేను అడుగుతాను, 'వెళ్ళానండి' అని వాడు చెప్పాలి. పదిసార్లు చెప్పించి వాడి గొంతు ఎక్కడ లేచిందో ఎక్కడ దిగిందో మెట్ల మీద వెతికాను.

నా ప్రశ్న షడ్జం దగ్గర బయల్దేరి 'వెళ్ళావా'లో 'ళ్ళా' మీద పంచమం దాటింది. వాడి 'వెళ్ళానండి' మాత్రం కదలనే లేదు, ఒక్క మెట్టు మీదే మొదలై అక్కడే ఆగింది. 'అండి' దగ్గర కొంచెం జారింది, అంతే. అప్పుడు నేను 'కోటు కుడుతున్నాడా?' అన్నాను. వాడు 'కుడుతున్నాడండి' అన్నాడు, మళ్ళీ అదే మెట్టు. నలభై ఏళ్ళు ఆ మెట్లు తొక్కాను. నటుడి వచనం వెనక ఇంత వరస నడుస్తోందని ఎప్పుడూ వెతకలేదు. శ్రుతి పట్టుకుని కూచున్నానే గాని, వాళ్ళు మాట్లాడుతున్నది వినలేదు.

'ఒన్స్ మోర్' సుఖం ఇందులో లేదన్న మాట మీద నేనింకా ఉన్నాను. కానీ ముగ్గులవాకిలి అమ్మగారూ, మీ పెద్దత్తయ్యగారు మేడ గురించి చెప్పే తీరు మీకు గుర్తుంటే, ఆ మాటలు ఉన్నవున్నట్టు రాసి పంపండి. లేదా మీ గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేసి పెట్టండి, ఇంకా మంచిది. ఊపిరి ఎక్కడ తీసుకుంటారో నాకు కావాలి.

ముగ్గులవాకిలి | గురువారం, మధ్యాహ్నం 1:10

గుర్తుంది మాస్టారూ. సాయంత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడు రికార్డు చేసి పంపుతాను. ఆవిడ మొదలుపెట్టేది ఎప్పుడూ ఇలాగే: 'పిల్ల సంగతి తర్వాత, ముందు ఆ వీధరుగు చూడాలి నువ్వు...'